విన్నందుకు కూలి ఎవరిస్తారు?

తెల్లవారేసరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు ఓ ట్యాక్సీ ఆగిందనుకుందాం. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పెట్రోలు బండి. రెండు రోజులుగా ఇంజిన్‌లోంచి టకటకమని చప్పుడు. "సౌండ్ వస్తోందన్నా, ఒకసారి చూడు" అంటాడు డ్రైవరు. మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేయించి, చెవి ఒగ్గి వింటాడు. పది సెకన్లలో తీర్పు వచ్చేస్తుంది: "రాడ్ కొడుతోంది. ఇంజిన్ దించాల్సిందే."

ఆ ఒక్క మాట ఖరీదు డ్రైవరుకు కొన్ని వారాల సంపాదన. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిరాయిలుండవు; బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. తీర్పు సరైనదే కావచ్చు. ఏళ్ల తరబడి ఇంజిన్ల మధ్య బతికిన చెవిని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అలాంటి టకటకే వదులైన క్రాంక్ పుల్లీ నుంచి రావచ్చు, ఏసీ కంప్రెసర్ నుంచి రావచ్చు, సైలెన్సర్ గొట్టం మీది వేడిరేకు ఊడి కొట్టుకుంటున్నా రావచ్చు. అప్పుడు ఇంజిన్ దించి, బేరింగులు మార్చి, మళ్లీ ఎక్కించి తాళం తిప్పితే పాత చప్పుడే పలకరిస్తుంది. తప్పు రెండో వైపు జరిగితే మరీ ప్రమాదం. "ట్యాపెట్ సౌండే, పోనీ" అని పంపించేశాక అది నిజంగా బేరింగే అయితే, హైవే మీద ఎక్కడో కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజిన్ బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. ఆ తర్వాత బాగుచేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఈ తప్పులకు మెకానిక్ చదువుకోకపోవడమే కారణమనుకోవడం సులువు. అది సగం కూడా నిజం కాదు. చప్పుడు వినడానికీ తీర్పు చెప్పడానికీ మధ్య చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, గంటా రెండు గంటల్లో అయిపోతాయి. చాలామంది మేస్త్రీలకు అవి తెలుసు కూడా. అయినా చేయరు, ఎందుకంటే వాటికి ఎవరూ డబ్బులివ్వరు. విడిభాగం మార్చినందుకు కూలి ఉంది, విప్పి బిగించినందుకు కూలి ఉంది. విని, పరీక్షించి, ఆలోచించినందుకు లేదు. ఆలోచనకు ధర లేని చోట ఆలోచన తగ్గిపోయి విప్పడం పెరుగుతుంది. ఇంజిన్ చప్పుళ్ల విషయంలో జరుగుతున్నది అదే.

ఖాళీ, దిశ మారే బలం

లోహం లోహాన్ని కొట్టాలంటే రెండు కావాలి: ఒక ఖాళీ, ఆ ఖాళీలో వస్తువును అటూ ఇటూ తోసే బలం. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లోనూ ఖాళీలు అంతటా ఉంటాయి. కనెక్టింగ్ రాడ్‌కూ క్రాంక్‌షాఫ్ట్‌కూ మధ్య ఉండే బేరింగులో ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు, అంటే తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులో ఒత్తిడితో నిండిన ఇంజిన్ ఆయిల్ దిండులా పనిచేస్తుంది. బేరింగు అరిగి ఖాళీ పెరిగితే, లేదా ఆయిల్ ఒత్తిడి తగ్గితే, దిండు పలచబడుతుంది. అప్పుడు రాడ్ ఒక వైపు నుంచి మరో వైపుకు విసురుగా వెళ్లి గుద్దుకుంటుంది.

బలం సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. నిమిషానికి 3,000 సార్లు తిరిగే ఇంజిన్‌లో ప్రతి పిస్టనూ సెకనుకు 100 సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. పిస్టన్ ప్రయాణం 80 మిల్లీమీటర్లు అనుకుని లెక్కేస్తే, పైకొన దగ్గర దాని త్వరణం భూమి గురుత్వ త్వరణానికి దాదాపు 500 రెట్లు. 300 గ్రాముల పిస్టన్ ఆ క్షణంలో 150 కిలోల బరువుకు సమానమైన బలంతో రాడ్‌ను లాగుతుంది. ఈ బలం వేగపు వర్గంతో పెరుగుతుంది: 6,000 ఆర్‌పీఎం దగ్గర అది 600 కిలోలు, ఐడిలింగ్‌లో 800 దగ్గర పదకొండు కిలోలకు అటూ ఇటూ. నిలబెట్టి వింటే చిన్నగా ఉన్న బేరింగు చప్పుడు హైవే మీద ఇంజిన్‌ను ఎందుకు పగలగొడుతుందో ఈ లెక్క చెబుతుంది. "రేజ్ చెయ్, చూద్దాం" అనే అలవాటు ఎందుకు మంచిది కాదో కూడా ఇదే చెబుతుంది. అనుమానం బేరింగు మీద ఉన్నప్పుడు ఇంజిన్‌ను ఊరికే గట్టిగా అరిపించడమంటే, విరిగిన కాలు ఎంత విరిగిందో చూడ్డానికి రోగిని గెంతమనడమే.

పరీక్షల్లో మొదటిది పైసా ఖర్చు లేనిది: ఆయిల్ గేజి కడ్డీ తీసి చూడటం. ఆయిల్ అడుగంటి ఉంటే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. చప్పుడుతోపాటు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ దీపం వెలిగితే ఇక పరీక్షలు కూడా వద్దు. ఇంజిన్ ఆపేసి బండిని లాగించుకుని వెళ్లడమే. ఆ దీపం ముందస్తు హెచ్చరిక కాదు. ఒత్తిడి దాదాపు పూర్తిగా పడిపోయాకే అది వెలుగుతుంది.

వేడి చెప్పే సాక్ష్యం

మెకానిక్ అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికంటే విలువైనది "చప్పుడు ఎలా ఉంది" అన్నది కాదు, "ఎప్పుడు వస్తోంది" అన్నది. పొద్దున చల్లటి ఇంజిన్‌లో వచ్చి ఐదు నిమిషాల్లో పోతోందా? లేక మొదట లేకుండా, బాగా వేడెక్కాక మొదలవుతోందా? ఈ రెండూ దాదాపు వ్యతిరేక రోగాలు.

పిస్టన్ అల్యూమినియంతో, అది కదిలే సిలిండర్ గోడ చాలా ఇంజిన్లలో పోత ఇనుముతో చేస్తారు. వేడెక్కితే అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. 75 మిల్లీమీటర్ల పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.17 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే వేడికి సిలిండర్ పెరిగేది 0.08 దాకా. అంటే వేడితోపాటు మధ్యనున్న సందు మూసుకుంటూ వస్తుంది. అందుకే అరిగిన పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు గోడను తట్టి, వేడెక్కాక సర్దుకుంటుంది. ఈ చప్పుడుతో కొన్ని బళ్లు ఏళ్ల తరబడి తిరుగుతాయి.

బేరింగు కథ తలకిందులు. అక్కడ దిండుగా ఉన్నది ఆయిల్. వేడెక్కేకొద్దీ ఆయిల్ పలచబడుతుంది, దిండు బలం తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. చల్లటి ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ లోపాన్ని దాచేస్తుంది. కొందరు పాత బళ్లు అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోయించడం వెనక ఉన్నది ఈ భౌతికశాస్త్రమే. రాత్రంతా నిలిపి ఉంచిన బండి స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు మాత్రమే గలగలమంటే అది మరో విషయం: టైమింగ్ చెయిన్‌ను బిగించే పరికరంలోకి, లేదా ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ట్యాపెట్లలోకి ఆయిల్ ఇంకా చేరలేదని అర్థం.

ఇంత చెప్పే సాక్ష్యం షెడ్డులో ఎందుకు దొరకదంటే, బండి అక్కడికి వచ్చేసరికి వేడెక్కి ఉంటుంది. చల్లటి ఇంజిన్ చప్పుడు వినాలంటే బండిని రాత్రి షెడ్డులో ఉంచి, పొద్దున మెకానిక్ ఎదుట స్టార్ట్ చేయాలి. ఇందులో కష్టం ఏమీ లేదు, ఓపిక తప్ప. ఆ ఓపికను బిల్లులో ఏ వరుసలో రాయాలన్నదే చిక్కు.

ఇక లయ. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. 800 ఆర్‌పీఎం ఐడిలింగ్‌లో క్రాంక్ సెకనుకు పదమూడు చుట్లు, క్యామ్ ఆరున్నర చుట్ల పైచిలుకు. ఒక వాల్వు దగ్గరి ట్యాపెట్ వదులైతే సెకనుకు ఆరేడు దెబ్బలు: టిక్, టిక్, టిక్ అని విడివిడిగా తెలుస్తాయి. క్రాంక్‌తోపాటు వచ్చే దెబ్బలు దానికి రెట్టింపు వేగంతో, లోతైన గొంతుతో వస్తాయి. అనుభవమున్న చెవి ఈ తేడాను లెక్క లేకుండానే పట్టేస్తుంది. అయితే లయ ఒక్కటే నమ్మితే మోసపోవచ్చు. పేలుడు ఒత్తిడి వల్ల వచ్చే దెబ్బ రెండు చుట్లకు ఒకసారే బలంగా పడుతుంది కాబట్టి, బేరింగు కూడా ఒక్కోసారి ట్యాపెట్ తాళంలోనే కొడుతుంది. పాఠ్యపుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఇంజిన్ మాట్లాడదు.

అందుకే అసలు పరీక్ష వేరే ఉంది. ఒక్కో సిలిండర్‌నూ కాసేపు పనిచేయకుండా ఆపి వినడం. ఇంజిన్ ఆపి, ఒక ఇంజెక్టర్ కనెక్టర్ ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేసి వినాలి; తర్వాత దాన్ని పెట్టి పక్కదాన్ని తీయాలి. ఏ సిలిండర్ ఆపినప్పుడు చప్పుడు తగ్గిందో లోపం ఆ సిలిండర్ పిస్టన్, పిన్ను, రాడ్‌లలో ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే పేలుడు లేకపోతే రాడ్ మీద పడే తోపు తగ్గిపోతుంది. ఏది ఆపినా తేడా లేకపోతే అనుమానం వాల్వుల వైపో, బయట బెల్టు మీద తిరిగే భాగాల వైపో మళ్లాలి. నాలుగు సిలిండర్లకు కలిపి పావుగంట పని. పాత అలవాటు ప్రకారం స్పార్క్ ప్లగ్ వైరు లాగడం మాత్రం ఇప్పటి బళ్లలో మంచిది కాదు: షాక్ కొట్టే ప్రమాదం ఒకటి, కాలని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేయడం మరొకటి.

డీజిల్ బళ్లలో ఇదే పరీక్షకు పూర్వం ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవారు. కామన్ రైల్ ఇంజిన్లలో ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అక్కడ ఇంధనం ఒత్తిడి వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటి ఉంటుంది. సన్నని ధార చర్మాన్ని కోసుకుని లోపలికి వెళ్లిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు, ప్రాణమే పోవచ్చు. స్కానర్ సాయంతో సిలిండర్లను ఆపే సదుపాయం చాలా బళ్లలో ఉంది. దాన్ని వాడాలి.

స్క్రూడ్రైవర్, స్టెతస్కోపు

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుని వినే మేస్త్రీని చూసి నవ్వేవాళ్లున్నారు. నవ్వాల్సిన పని లేదు. 1816లో పారిస్ వైద్యుడు రెనె లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి విన్నప్పుడు చేసింది ఇదే. గాలిలో సెకనుకు 340 మీటర్లు వెళ్లే ధ్వని ఉక్కులో దాదాపు 5,000 మీటర్లు వెళ్తుంది, అదీ పెద్దగా బలం కోల్పోకుండా. అదే ఈ పద్ధతి బలం, అదే బలహీనత కూడా. ఇంజిన్ బ్లాకు మొత్తం ఒకే లోహపు ముద్ద కావడంతో ఒక మూల పడ్డ దెబ్బకు అంతా మోగుతుంది. అన్నిటికంటే గట్టిగా వినబడిన చోటే లోపం ఉందనుకుంటే తప్పులో కాలేసినట్టే. పలచటి రేకు మూతలు తమది కాని చప్పుడును కూడా పెంచి వినిపిస్తాయి. పైన, కింద, పక్కన, అదే చోట మళ్లీ, ఇలా పోల్చుకుంటూ వినాలి.

లెనెక్ గొప్పతనం గొట్టంలో లేదు. ఆయన విన్నదాన్ని రాసుకున్నాడు. రోగి మరణిస్తే శవపరీక్షలో చూసినదాన్ని ఆ రాతతో పోల్చాడు. ఏ శబ్దానికి ఊపిరితిత్తుల్లో ఏ మార్పు కారణమో అలా తేలింది. 1819లో వచ్చిన ఆయన పుస్తకం వైద్యుల చెవికి ఒక ఉమ్మడి భాషను ఇచ్చింది. ఇంజిన్ మెకానిక్‌కు ఈ అవకాశం వైద్యుడి కంటే చాలా ఎక్కువ. తాను విన్న ఇంజిన్‌ను తానే విప్పుతాడు, కారణం కళ్లారా చూస్తాడు, మళ్లీ బిగించి చప్పుడు పోయిందో లేదో కూడా వింటాడు. ఏ శాస్త్రవేత్తకైనా ఇంత శుభ్రమైన ప్రయోగం దొరకడం కష్టం. కానీ విప్పకముందు అంచనా ఎక్కడా రాసి ఉండదు. రాసి లేని అంచనా విప్పాక మారిపోతుంది. "నేను ముందే అనుకున్నా" అనడం మనుషులందరికీ అలవాటే. దాంతో తప్పిన అంచనాలు జ్ఞాపకంలో నిలవవు, చెవి నేర్చుకోవాల్సినంత నేర్చుకోదు.

ఇంజిన్ విప్పే ముందు విప్పాల్సింది మరొకటి ఉంది: ఆయిల్ ఫిల్టర్. దాని డబ్బాను కోసి, లోపలి మడతల కాగితాన్ని వెలుగులో పరిచి చూస్తే చాలు. బేరింగు అరుగుతుంటే మెరిసే పొరలు కనిపిస్తాయి. అయస్కాంతానికి అంటుకుంటే అది ఇనుము, ఉక్కు సంబంధమైనది. అంటకపోతే బేరింగు పూతలో వాడే మెత్తటి లోహమో, అల్యూమినియమో కావచ్చు. ఆయిల్ ఒత్తిడి స్విచ్ ఉన్న చోట మామూలు గేజి బిగించి, వేడెక్కాక ఒత్తిడి ఎంతుందో కంపెనీ ఇచ్చిన అంకెతో పోల్చడం మరో పరీక్ష. బయటి బెల్టు తీసి అర నిమిషం లోపు నడిపి వింటే ఆల్టర్నేటర్, కంప్రెసర్, టెన్షనర్ పుల్లీల సంగతి తేలుతుంది. కొన్ని బళ్లలో నీళ్ల పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి అంతకు మించి నడపకూడదు.

పేలుడు చేసే చప్పుడు

ఇంతవరకు చెప్పినవన్నీ లోహం లోహాన్ని కొట్టే శబ్దాలు. పుస్తకాల్లో నాకింగ్ అనే పేరుతో ఉన్నది వేరు. మన మెకానిక్‌లు రెంటినీ ఒకే మాటతో పిలవడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. ఘాట్ ఎక్కేటప్పుడో, పెద్ద గేరులో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడో గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు సన్నగా గలగలమంటే అది ఇది. స్పార్క్ అంటించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, చివర మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకు లోపలి వాయువు గంటలా మోగుతుంది. గంట పరిమాణాన్ని బట్టి స్వరం ఉన్నట్టే, సిలిండర్ వ్యాసాన్ని బట్టి ఈ స్వరమూ ఉంటుంది. 80 మిల్లీమీటర్ల సిలిండర్‌లో అది సుమారు 6,000 నుంచి 7,000 హెర్ట్జ్. ఈ లెక్కను 1930లలో తేల్చినవాడు చార్లెస్ స్టార్క్ డ్రేపర్. తర్వాతి కాలంలో చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకలకు దారి చూపిన వ్యవస్థ ఆయన ప్రయోగశాలలోనే తయారైంది.

ఈ చప్పుడుకు కారణం వెతికిన కథలో రోగనిర్ధారణ గురించి మంచి పాఠం ఉంది. 1916 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్, థామస్ మిడ్‌గ్లీ కిరోసిన్‌తో నడిచే చిన్న ఇంజిన్లలో ఈ నాకింగ్‌తో తల పట్టుకున్నారు. ఇంధనం సరిగా ఆవిరి కావడం లేదేమోనని వారి అనుమానం. మంచు కరగకముందే పూసే ఓ మొక్క ఆకులు ఎర్రగా ఉంటాయి. ఎరుపు వేడిని ఎక్కువ పీల్చుకుంటుందేమో, ఇంధనానికి ఎర్ర రంగు వేస్తేనో? చేతికి దొరికిన అయొడిన్ కలిపారు. నాకింగ్ తగ్గింది! చాలామంది అక్కడితో ఆగి, ఎరుపే కారణమని ప్రకటించేవారు. మిడ్‌గ్లీ వేరే ఎర్ర రంగులు తెప్పించి కలిపి చూశాడు. ఏ మార్పూ లేదు. రంగులేని అయొడిన్ సమ్మేళనం కలిపితే మాత్రం తగ్గింది. అంటే మందు పనిచేసింది, సిద్ధాంతం తప్పు. భాగం మార్చాక చప్పుడు పోయినంత మాత్రాన ఆ భాగమే దోషి అని కాదు. విప్పి బిగించే క్రమంలో వేరే బోల్టు ఏదో బిగిసి ఉండవచ్చు.

అదే మిడ్‌గ్లీ 1921లో టెట్రాఇథైల్ లెడ్ నాకింగ్‌ను అణచుతుందని కనిపెట్టాడు. ఎథనాల్ నాకింగ్‌ను తగ్గిస్తుందని అప్పటికే తెలిసినా, ప్రపంచం సీసాన్నే ఎంచుకుని తరతరాల పిల్లల మెదళ్లతో దాని ధర చెల్లించింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1తో ఆగింది.

ఎథనాల్ ప్రస్తావన ఇప్పుడు మన షెడ్డుల్లో రోజూ వినబడుతోంది. "ఈ20 పెట్రోలు వల్లే ఇంజిన్ కొడుతోంది" అన్న తీర్పు చప్పుడు వినకుండానే వచ్చేస్తోంది. ఎథనాల్ లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదుకు ఆధారం ఉంది. పాత బళ్లలో రబ్బరు భాగాల గురించిన ఆందోళననూ కొట్టిపారేయలేం. నాకింగ్ సంగతి మాత్రం వేరు. మామూలు పెట్రోలుకు ప్రమాణం 91 ఆక్టేన్ అయితే ఈ20కి 95. ఆక్టేన్ పెరిగితే తనంతట తాను అంటుకునే గుణం తగ్గుతుంది. ఆ లెక్కన ఈ20 నాకింగ్‌ను అణచాలి. అయినా కొత్తగా చప్పుడు మొదలైందంటే మసి పేరుకోవడం, ఇంజిన్ వేడెక్కిపోవడం, ఇంధన మిశ్రమం పలచబడటం, కల్తీ, ట్యాంకులో నీళ్లు లాంటి కారణాలు వెతకాలి. ఇంధనాన్ని నిందించడం వల్ల డ్రైవరు కోపానికి ఒక దారి దొరుకుతుందే తప్ప బండి బాగుపడదు.

స్కానర్ వినేదీ వినలేనిదీ

"కంప్యూటర్ పెట్టి చూశాం, ఏ ఎర్రరూ లేదు" అన్న మాటతో చాలా వాదనలు ముగిసిపోతాయి. నిజానికి బండిలోని కంప్యూటర్‌కు ఒక చెవి ఉంది: బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్. పీజోవిద్యుత్ స్ఫటికంతో పనిచేసే ఈ చెవి ప్రధానంగా పేలుడు మోతకు సంబంధించిన పౌనఃపున్యాలనే, అదీ మంట రగిలిన కొద్ది క్షణాల కిటికీలోనే వింటుంది. వినగానే స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేసి ఇంజిన్‌ను కాపాడుతుంది. అద్భుతమైన ఏర్పాటే, కానీ బేరింగులో ఎంత ఖాళీ ఉందో కొలిచే సెన్సర్ సాధారణ కారులో లేదు. బేరింగు కొడుతున్నా స్కానర్ తెర మీద ఏ కోడూ లేకపోవచ్చు. తలకిందులుగా, గట్టి లోహపు దెబ్బను నాక్ సెన్సర్ పేలుడు మోతగా పొరబడి స్పార్క్‌ను వెనక్కి నెట్టవచ్చు. అప్పుడు పికప్ తగ్గి, కథ ఇంకో దారి పడుతుంది. కోడ్ ఒక సాక్షి. సాక్షి మౌనంగా ఉన్నంత మాత్రాన నేరం జరగలేదని ఏ న్యాయమూర్తీ రాయడు.

ఫోన్‌లో రికార్డు చేసి మెకానిక్‌కు పంపడం ఇప్పుడు మామూలైంది. ఉపయోగమే, ముఖ్యంగా చల్లటి ఇంజిన్ మొదటి నిమిషాన్ని పట్టుకోవడానికి. కానీ ఫోన్ మైకు మనిషి మాట కోసం తయారైనది. లోతైన శబ్దాలను సరిగా పట్టుకోదు, గట్టి శబ్దాన్ని తగ్గించి చిన్నదాన్ని పెంచుతుంది. అందులో విని "ఇదివరకటి కంటే ఎక్కువైంది" అనడం కుదరదు.

మనిషి చెవికీ ఒక కిటికీ ఉంది, అది ఏళ్లతో మూసుకుంటుంది. పెద్ద శబ్దాల మధ్య పనిచేసేవారిలో వినికిడి మొదట దెబ్బతినేది సాధారణంగా 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య. పేలుడు మోత స్వరం దాని అంచున ఉంది. రేకులు కొట్టే చోట, గ్రైండర్ పక్కన చెవులకు ఏ రక్షణా లేకుండా ఇరవై ఏళ్లు గడిపిన మేస్త్రీ, తన వృత్తికి అన్నిటికంటే అవసరమైన పనిముట్టును ఆ పనికే ధారపోస్తున్నాడు. చెవి ప్లగ్గుల ఖర్చు ఎంతని!

మళ్లీ కూలి విషయానికి వద్దాం. జ్వరమొస్తే డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, రెండు ప్రశ్నలు అడిగి, మందు అక్కర్లేదని చెప్పినా ఫీజు ఇస్తాం. మెకానిక్ గంటసేపు విని "ఇంజిన్ బాగానే ఉంది, పుల్లీ బోల్టు బిగించా" అంటే టీ ఖర్చులకు ఇచ్చి వచ్చేస్తాం, పైగా సంతోషిస్తాం. ఆ గంట నష్టాన్ని అతడు ఎక్కడో పూడ్చుకోవాలి. పెద్ద సర్వీసు కేంద్రాల్లోనూ బిల్లు భాగాల ధరకూ మార్చడానికి పట్టిన గంటలకూ కట్టి ఉంటే ఒత్తిడి అటువైపే ఉంటుంది. ఇది మెకానిక్ నిజాయితీకి సంబంధించిన ప్రశ్న కాదు. నిజాయితీపరుడికి నష్టం తెచ్చే ఏర్పాటు అది.

కాబట్టి రోగనిర్ధారణకు విడిగా ధర ఉండాలి, అది బోర్డు మీద రాసి ఉండాలి. ఆ డబ్బుకు బదులుగా కస్టమర్‌కు ఒక కాగితం దక్కాలి: చప్పుడు చల్లగా ఉన్నప్పుడా వేడి మీదా, ఏ సిలిండర్ ఆపితే మారింది, ఆయిల్ ఒత్తిడి ఎంత, ఫిల్టర్‌లో ఏం కనిపించింది, వీటిని బట్టి అనుమానం దేని మీద. ఇది తీసుకుని కస్టమర్ వేరే షెడ్డుకు వెళ్లిపోతాడన్న భయం మెకానిక్‌కు ఉంటుంది. వెళ్లనీ, విన్నందుకు డబ్బు వచ్చింది కదా. ఐటీఐల్లో మోటారు మెకానిక్ ట్రేడ్ పిల్లలకూ ఇదే పద్ధతిలో పరీక్ష పెట్టవచ్చు. ఒక ఇంజిన్‌లో ట్యాపెట్ సందు కావాలని పెంచి, మరోదానిలో ఓ పుల్లీ వదులు చేసి, అంచనా కాగితం మీద రాయించాకే విప్పమనాలి. తప్పిన అంచనాకు మార్కులు తగ్గించకుండా, ఎందుకు తప్పిందో రాసినందుకు మార్కులు వేయాలి.

ఆటోనగర్ ట్యాక్సీ విషయంలో ఆ మొదటి తీర్పే నిజమైందనుకుందాం. వేడెక్కాక చప్పుడు పెరిగింది, మూడో సిలిండర్ ఆపితే తగ్గింది, ఫిల్టర్ మడతల్లో అయస్కాంతానికి అంటని మెరుపు కనిపించింది. ఇంజిన్ దించక తప్పదు. అప్పుడు డ్రైవరు చేయాల్సిన పని ఒకటుంది. విప్పిన రోజు దగ్గరుండి నాలుగు రాడ్ల పాత బేరింగు షెల్స్‌నూ ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టించి, పక్కపక్కన పేర్పించి చూడాలి. మూడోదాని మీద బూడిద రంగు పూత అరిగి కింద రాగి రంగు తేలి ఉందా? లేకపోతే, బిగించే ముందే మరోసారి వెతకమని అడగాలి.